డీఎస్ఎల్ఆర్ వీడియో సాఫ్ట్‌గా వచ్చిందా? తప్పు ఫోకస్‌దో కెమెరాదో తేల్చుకునే పద్ధతి

కెమెరా వెనక తెర మీద కత్తిలా కనిపించిన షాట్‌ను ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేస్తే, పెళ్ళికూతురి మొహం మసకగా ఉంటుంది, వెనకున్న పూలదండలు మాత్రం రేకు రేకూ లెక్కపెట్టేలా ఉంటాయి. ఇందులో మీ కంటి దోషం లేదు. తెరే సరిపోదు. కెనాన్ 600డి, 60డి, 5డి మార్క్ 3 లాంటి వాటి వెనక తెర 10,40,000 చుక్కలది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలు కలిస్తేనే ఒక పిక్సెల్ కాబట్టి అసలు లెక్క 720×480 పిక్సెళ్ళే. అందులో 16:9 వీడియోకు దక్కేది 720×405. మీరు రికార్డ్ చేస్తున్నది 1920×1080. అంటే వీడియోలోని ఏడు పిక్సెళ్ళను కలిపి తెర ఒక్క పిక్సెల్‌గా చూపిస్తోంది. కొద్దిగా తప్పిన ఫోకస్ ఆ ఏడింటి మధ్యే ఇమిడిపోతుంది. 5డి మార్క్ 4లో తెర 900×600కి పెరిగినా, దాని 4కె వీడియో 4096 పిక్సెళ్ళ వెడల్పు. అక్కడ ఒక్క తెర పిక్సెల్ వెనక ఇరవై దాకా వీడియో పిక్సెళ్ళు దాక్కుంటాయి.

అందుకని మామూలు సైజులో తెర చూసి ‘ఫోకస్ బాగుంది’ అనుకోవడం ఈ పనిలో మొదటి తప్పు. తెర మీద ఫోకస్ తప్పినట్టు కనిపిస్తే తప్పకుండా తప్పినట్టే. బాగున్నట్టు కనిపిస్తే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే.

ముందు మసక ఏ రకమో చూడండి

సాఫ్ట్‌గా వచ్చిన ప్రతి క్లిప్‌కీ ఫోకస్‌ను తిట్టుకుంటే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. క్లిప్‌ను కంప్యూటర్‌లో ఆపి, ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూడాలి. వీఎల్‌సీ ప్లేయర్‌లో అయితే వీడియో మెనూలో జూమ్‌ను ఒకటికి ఒకటిగా (వీడియో పిక్సెల్ ఒకటికి తెర పిక్సెల్ ఒకటి) పెట్టి, కీబోర్డు మీద ఇంగ్లిష్ ‘ఇ’ అక్షరం నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమూ ముందుకు కదులుతుంది. 1366×768 తెరున్న లాప్‌టాప్‌లో ఫుల్‌స్క్రీన్ పెట్టి చూస్తే వీడియో కుదించుకుపోయి లేని షార్ప్‌నెస్ కనిపిస్తుంది. ఒకటికి ఒకటి పెట్టి, ముక్కముక్కగానైనా సరే అలాగే చూడాలి. టీవీలో చూసేవాళ్ళు ముందు ఓవర్‌స్కాన్ తీసేయాలి. అది బొమ్మను కొద్దిగా సాగదీసి అంచులు కోసేస్తుంది, సాగదీతలోనే షార్ప్‌నెస్ పోతుంది. టీవీలోని షార్ప్‌నెస్ మీటను కూడా బాగా తగ్గించండి. లేకపోతే అది గీసిన తెల్లటి అంచుల్నే మీరు వివరాలనుకుంటారు. వాట్సాప్‌లో పంపిన కాపీనో, యూట్యూబ్‌కి ఎక్కించిన కాపీనో చూసి ఫోకస్ మీద తీర్పు చెప్పకూడదు. రెండూ క్లిప్‌ను మళ్ళీ నలిపేస్తాయి.

ఇప్పుడు ఫ్రేమ్‌లో వెతకాల్సింది ఒకటే: ఎక్కడైనా, ఏ దూరంలోనైనా, ఏదైనా షార్ప్‌గా ఉందా? మనిషి మసకగా ఉండి, ఆయన వెనక రెండడుగుల్లో ఉన్న గోడ గడియారం మీద అంకెలు స్పష్టంగా ఉంటే అది ఫోకస్ తప్పే. వెనక్కి జరిగింది. కదలని కుర్చీ, బల్ల స్పష్టంగా ఉండి, కదిలే చెయ్యి మాత్రమే చారలు తీస్తే అది షటర్ వేగం వల్ల, అంటే ఒక్కో ఫ్రేమ్‌కు కాంతిని తీసుకునే సమయం వల్ల. సెకనుకు 25 ఫ్రేములకు 1/50 షటర్ పెట్టినప్పుడు కదిలేది కొంత చెదరడం సహజం, చూడ్డానికి బాగుండేదీ అదే. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద 1/50 గానీ 1/100 గానీ పెడితే మినుకుమినుకులు రావు. అమెరికాలో తీసేవాళ్ళకు 60 హెర్ట్జ్, అక్కడ 1/60 పెట్టుకోవాలి. ఫ్రేమ్ మొత్తం ఒకే దిశలో చెదిరితే చెయ్యి వణికింది. వివరాలు ఒక ఫ్రేమ్‌లో ఉండి పక్క ఫ్రేమ్‌లో కరిగిపోతూ, ముఖ్యంగా గడ్డి, జుట్టు, చెట్ల ఆకులు పేస్టులా మారుతుంటే అది కుదింపు వల్ల. సెకనుకు 24 మెగాబిట్ల దగ్గర రాసే నికాన్ డి5300 లాంటి వాటిలో గాలికి ఊగే చెట్టు మీద షార్ప్‌నెస్ తూచడం అన్యాయం.

అంతా, అన్ని దూరాల్లోనూ, ఒకే మోతాదులో సాఫ్ట్‌గా ఉంటే ఫోకస్ జోలికి వెళ్ళకండి. మూడు కారణాలు వెతకండి. ఒకటి ఎపర్చర్‌ను, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే కంతను, మరీ మూసేయడం. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ఆ కంత చిన్నదవుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 100, షటర్ 1/50 పెడితే సరైన వెలుతురుకు ఎపర్చర్ ఎఫ్ 22 దాకా పోవాల్సి వస్తుంది. అక్కడ కాంతి సన్నటి కంత అంచుల్లో విచ్చుకుని ప్రతి చుక్కనూ దాదాపు 30 మైక్రాన్ల మచ్చగా పరుస్తుంది. ఏపీఎస్-సీ సెన్సర్ (600డి, 60డి లాంటి వాటిలో కాంతిని బొమ్మగా చదివే చిన్న పలక) మీద 1080పి వీడియోకి ఒక్కో పిక్సెల్ వాటా 11.6 మైక్రాన్లు. ఒక చుక్క మూడు పిక్సెళ్ళు తినేస్తుందన్నమాట. ఫొటోల్లో ఎఫ్ 11కే భయపడేవాళ్ళు ఉంటారు గానీ 1080పి వీడియోకి ఎఫ్ 11 దాకా దిగులు లేదు. ఎఫ్ 16 నుంచి తేడా మొదలవుతుంది. అదే ఎండలో ఎఫ్ 2.8 వాడాలంటే ఆరు స్టాపుల వెలుతురు తగ్గించాలి (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), అంటే వెలుతురును 64వ వంతుకు తగ్గించే నల్లద్దం, ఎన్‌డీ 64 ఫిల్టర్ కావాలి. రెండో కారణం ఆ ఫిల్టరే. చవకరకం వేరియబుల్ ఎన్‌డీని (తిప్పి నలుపు పెంచుకునేది) చివరిదాకా తిప్పితే ఇంటూ గుర్తులాంటి నల్లటి నీడ పడుతుంది, టెలి లెన్స్ మీద బొమ్మ మొత్తం సాఫ్ట్ అవుతుంది. ఫిల్టర్ తీసి ఒక క్లిప్, పెట్టి ఒక క్లిప్ తీస్తే నిమిషంలో తేలిపోతుంది. మూడోది గాలి. ఏప్రిల్, మే నెలల్లో తారురోడ్డు మీదుగానో డాబా మీదుగానో 200 మి.మీ. లెన్స్‌తో దూరంగా ఉన్నదాన్ని తీస్తే వేడిగాలి బొమ్మను అలల్లా ఊపుతుంది. దానికి ఏ ఫోకస్ సాధనమూ మందు కాదు. దగ్గరికి వెళ్ళాలి, లేదా పొద్దున్నే తీయాలి. విశాఖ, కాకినాడ వైపు ఏసీ గది నుంచి కెమెరాను ఒక్కసారిగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. ముందు అద్దం తుడిచినా వెనక అద్దం మీద ఉండిపోవచ్చు. సంచిలోనే మూసి ఉంచి అరగంట బయట పెట్టి, తర్వాత తీయండి.

కెమెరా అసలు ఎంత వివరం ఇవ్వగలదు

ఇది తెలియకపోతే లేని ఫోకస్ కోసం రాత్రంతా రింగు తిప్పుతూ కూర్చోవాల్సి వస్తుంది. వీడియో తీసిన మొదటి డీఎస్ఎల్ఆర్ 2008లో వచ్చిన నికాన్ డి90. అది 720పి. అదే ఏడాది కెనాన్ 5డి మార్క్ 2 1080పి ఇచ్చింది. 5డి మార్క్ 2 సెన్సర్ 5616×3744. అన్ని వరసలనూ సెకనుకు 30 సార్లు చదివే వేగం లేక మధ్య మధ్య వరసలు వదిలేసి చదువుతుంది. వదిలేసిన వరసల్లోని వివరం పోవడమే కాదు, సన్నటి గళ్ళు, గీతల దగ్గర లేని రంగులూ మెలికలూ పుడతాయి. వాటినే మోయిరే అంటారు. 2012 నాటి 5డి మార్క్ 3 సెన్సర్ వెడల్పు సరిగ్గా 5760, అంటే 1920కి మూడు రెట్లు. అది పిక్సెళ్ళను కలిపి చదువుతుంది కాబట్టి మోయిరే చాలా తగ్గింది, కానీ ఫైల్ కొంచెం సాఫ్ట్‌గానే వస్తుంది. దానికి ఎడిటింగ్‌లో షార్పెనింగ్ వేయాల్సిందే. అది లోపం కాదు, దాని తీరే అంత.

మీ కెమెరా తీరు కొలవడానికి సీమెన్స్ స్టార్ కావాలి. నడిబొడ్డు నుంచి సైకిల్ చక్రపు ఊచల్లా నలుపు తెలుపు చీలికలు విచ్చుకునే బొమ్మ అది. 72 జతల చీలికలున్నదాన్ని ఏ4 కాగితం మీద లేజర్ ప్రింటర్‌లో 20 సెం.మీ. వ్యాసంతో తీయించండి. ఇంక్‌జెట్ అయితే మధ్యలో సిరా పాకుతుంది. అట్టకు అంటించి, గోడకు నిటారుగా బిగించండి. 50 మి.మీ. లెన్స్ అయితే రెండున్నర మీటర్ల దూరంలో ట్రైపాడ్ మీద కెమెరా పెట్టండి. ట్రైపాడ్ మీద లెన్స్ స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపేయండి. కొన్ని పాత లెన్సుల్లో అది ఖాళీగా ఉండలేక బొమ్మను తేలిస్తుంది. ఎపర్చర్ ఎఫ్ 5.6, ఐఎస్ఓ 100 నుంచి 400 మధ్య. అంతకన్నా పెంచితే నాయిస్‌ను (బొమ్మ మీది చుక్కల గరుకును) తగ్గించే ప్రక్రియ సన్నటి వివరాన్ని నాయిస్‌తో పాటే తుడిచేస్తుంది. పిక్చర్ స్టైల్‌లో (కెమెరా బొమ్మకు వేసే రంగు, షార్ప్‌నెస్‌ల అమరిక) షార్ప్‌నెస్ సున్నా. పది సెకన్లు రికార్డ్ చేయండి. ఇలా ఐదుసార్లు, ప్రతిసారీ ఫోకస్‌ను మొత్తం చెడగొట్టి మళ్ళీ పట్టుకుంటూ తీయండి. ఐదింట్లో అన్నిటికన్నా బాగా వచ్చినదాన్నే కొలతకు తీసుకోవాలి.

ఫ్రేమ్‌ను ఒకటికి ఒకటిగా చూస్తే నక్షత్రం మధ్యలో చీలికలు విడిగా కనపడని గుండ్రటి ప్రాంతం ఒకటి ఉంటుంది. దాని వ్యాసాన్ని పిక్సెళ్ళలో కొలవండి. ఒక జతకు కనీసం రెండు పిక్సెళ్ళు కావాలి కాబట్టి 72 జతలకు 144 పిక్సెళ్ళ చుట్టుకొలత, అంటే 46 పిక్సెళ్ళ వ్యాసం. మీకు 46 వస్తే ఆ కెమెరా 1080పి మొత్తాన్నీ ఇస్తోంది. 70 వస్తే 1080ని 46తో గుణించి 70తో భాగించండి: 710. పేరుకు 1080 అయినా చేతికందేది 710 వరసల వివరం. కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. వరసలు వదిలే కెమెరాల్లో మధ్యకు పోయేకొద్దీ చీలికలు వంకర తిరిగి, రంగులు పుట్టి, కొత్త బొమ్మలు కడతాయి. అవి వివరం కాదు. చీలికలు తిన్నగా ఉన్నంతవరకే లెక్క.

ఇదే నక్షత్రం ఫోకస్ తప్పిన సంగతిని కూడా కచ్చితంగా చెబుతుంది. ఫోకస్ కొద్దిగా తప్పినప్పుడు మధ్యలో ఒక బూడిద రంగు వలయం, దాని లోపల మళ్ళీ చీలికలు కనిపిస్తాయి. ఆ లోపలివాటిలో నలుపు ఉండాల్సిన చోట తెలుపు, తెలుపు ఉండాల్సిన చోట నలుపు ఉంటుంది. అలా తారుమారైన వలయం కనిపించిందంటే కెమెరా తప్పేమీ లేదు, ఫోకసే తప్పింది. మళ్ళీ పట్టండి.

మోయిరే గురించి ఒక పనికొచ్చే మాట. ఎంత చికాకు పెట్టినా అది ఫోకస్ సరిగ్గా కుదిరిన చోటే ఎక్కువగా వస్తుంది. సన్నగళ్ళ చొక్కా మీద రంగులు ఆడుతున్నాయంటే ఫోకస్ ఆ చొక్కా మీదే ఉంది. మొహం మీద కాకుండా చొక్కా మీద రంగులు ఎగసిపడుతుంటే ఆ తేడా ఎన్ని సెంటీమీటర్లో ఆలోచించండి.

పెద్దది చేసి పట్టడం

అన్ని సాధనాల్లోకీ నమ్మదగినది డబ్బు ఖర్చు లేనిదే: లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద బొమ్మ చూసేటప్పుడు, భూతద్దం గుర్తున్న మీట. కెనాన్‌లలో ఒకసారి నొక్కితే 5 రెట్లు, ఇంకోసారి నొక్కితే 10 రెట్లు. చతురస్రాన్ని మనిషి కంటి మీదికి జరిపి 10 రెట్లకు వెళ్ళండి. లెన్స్ మీద మీటను మాన్యువల్‌కి మార్చండి.

రింగును ఒకే వైపు నెమ్మదిగా తిప్పుతూ ‘ఇక్కడే బాగుంది’ అని ఆపేస్తే దాదాపు ప్రతిసారీ ముందే ఆగిపోతారు. కనురెప్ప వెంట్రుకలు స్పష్టమైనా ఆగకుండా, అవి మళ్ళీ మసకబారేదాకా దాటించండి. వెనక్కి తిప్పి రెండో వైపూ అంతే మసకబారేదాకా పోనివ్వండి. ఇప్పుడు రెండు మసకల మధ్య ఊగిసలాటను చిన్నది చేసుకుంటూ మూడు నాలుగు ఊపుల్లో నడిమికి చేరండి. ఎక్కడ షార్ప్‌గా ఉందో కన్ను ఒంటరిగా చెప్పలేదు గానీ, రెండు మసకలు సమానంగా ఉన్నాయో లేదో చాలా బాగా చెబుతుంది.

10 రెట్లలో కనిపించేది వీడియో కన్నా షార్ప్‌గా ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోండి. ఆ చిన్న ముక్కను సెన్సర్ వరసలు వదలకుండా చదువుతుంది. అక్కడ లెక్కపెట్టగలిగిన వెంట్రుకలు 1080పి ఫైల్‌లో లేవని కంగారుపడకండి.

ఫోకస్ పట్టేటప్పుడు ఎపర్చర్ షాట్‌లో ఉండబోయేదే ఉండాలి. 50 మి.మీ. ఎఫ్ 1.4 లాంటి పెద్ద కంత లెన్సుల్లో పూర్తిగా తెరిచి ఫోకస్ పట్టి తర్వాత మూస్తే ఫోకస్ కొద్దిగా జరుగుతుంది. నికాన్ డి7000, డి5300 తరహా కెమెరాల్లో ఇంకో చిక్కు ఉంది. లైవ్ వ్యూలో ఉండగా లెన్స్ లోపలి ఆకులు కొత్త ఎపర్చర్‌కు కదలవు. లైవ్ వ్యూ ఆపి, ఎపర్చర్ మార్చి, మళ్ళీ లైవ్ వ్యూలోకి రావాలి.

జూమ్ లెన్స్‌తో సినిమావాళ్ళలా దగ్గరికి జూమ్ చేసి ఫోకస్ పట్టి, వెడల్పుకు వచ్చి రికార్డ్ చేయడం ఫొటో లెన్సులతో కుదరదు. వాటిలో ఎక్కువ భాగం జూమ్ మారితే ఫోకస్‌ను నిలబెట్టుకోవు. ఏ ఫోకల్ లెంగ్త్‌లో (జూమ్ స్థానంలో) తీస్తారో అక్కడే 10 రెట్లు చేసి పట్టండి. మీ లెన్స్ సంగతి తెలుసుకోవాలంటే ఆ నక్షత్రం మీదే ఒకసారి పరీక్షించండి.

రికార్డ్ మొదలయ్యాక పాత కెనాన్‌లలో ఇలా పెద్దది చేసి చూసే వీలు లేదు. 2009లో 5డి మార్క్ 2 కోసం పుట్టిన మ్యాజిక్ లాంటర్న్ ఆ లోటును తీరుస్తుంది. అది మెమరీ కార్డు మీద నుంచి నడిచే ఉచిత ప్రోగ్రాం. తర్వాత 550డి, 600డి, 60డి, 5డి మార్క్ 3 లాంటి వాటికీ వచ్చింది. అందులోని మ్యాజిక్ జూమ్ రికార్డ్ నడుస్తుండగానే తెరలో ఒక చిన్న కిటికీ తెరిచి ఫోకస్ చోటును పెద్దది చేసి చూపిస్తుంది. షార్ప్‌గా ఉన్న అంచులకు రంగు పూసే ఫోకస్ పీకింగ్ కూడా ఉంది. ఇది కెనాన్ ఇచ్చింది కాదు, వేసుకుంటే బాధ్యత మీదే. మీ కెమెరాలో ఉన్న ఫర్మ్‌వేర్ వెర్షన్‌కు సరిపోయేదే వేయాలి. కార్డు తలుపు తెరిచాక కెమెరా వెనక లైటు ఆరేదాకా ఆగి కార్డు తీయాలి.

పీకింగ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పీకింగ్ బొమ్మలో నలుపు తెలుపు తేడా గట్టిగా మారే అంచులను వెతికి రంగు పూస్తుంది. పెంటాక్స్ డీఎస్ఎల్ఆర్‌లలో ముందే వచ్చింది. నికాన్‌లో డి850, డి780, కెనాన్‌లో 90డి, 250డి, 1డి ఎక్స్ మార్క్ 3 లాంటి తర్వాతి తరాల్లో ఉంది. 5డి మార్క్ 4లో లేదు.

అది కొలిచేది ఫోకస్‌ను కాదు, అంచుల తేడాను. అన్ని చిక్కులూ ఇక్కడి నుంచే వస్తాయి. పట్టుచీర జరీ అంచు మీద తేడా ఎంత గట్టిగా ఉంటుందంటే ఫోకస్ కాస్త తప్పినా అది మెరుస్తూనే ఉంటుంది. పక్కనే ఉన్న చెంప మీద ఫోకస్ సరిగ్గా కుదిరినా ఒక్క చుక్క వెలగదు. చీర వెలుగుతోంది కదా అని వదిలేస్తే మొహం పోతుంది. మనుషుల మీద పీకింగ్‌ను కళ్ళ దగ్గరే చూడాలి. రెప్పలు, కనుబొమ్మలు, బొట్టు అంచు, కళ్ళద్దాల ఫ్రేమ్. చీకటి మండపంలో ఐఎస్ఓ 3200 దాటితే నాయిస్ చుక్కలకే రంగు పూసి తెరంతా గోల చేస్తుంది. అక్కడ సున్నితత్వాన్ని తగ్గించండి. వెడల్పు లెన్సులో ఎఫ్ 8 పెడితే తెర మొత్తం వెలిగిపోయి ఏమీ తేలదు. రంగును ఎరుపులో ఉంచితే మన పెళ్ళిళ్ళలో కుంకుమ, చీరల మధ్య కలిసిపోతుంది, నీలమో పసుపో చూసుకోండి.

సున్నితత్వాన్ని తక్కువలో పెట్టుకోవడమే ఎప్పుడూ మేలు. తక్కువ వెలిగితే సన్నటి పట్టీ కనిపిస్తుంది, ఫోకస్ ముందుకో వెనక్కో కదిలే తీరు తెలుస్తుంది. వెలిగిన పట్టీ అంతా షార్ప్ అని నమ్మకండి. దాని నడిమి భాగమే మీది. అందుకే స్థిరంగా ఉన్న షాట్‌ను 10 రెట్లతో పట్టి, పీకింగ్‌ను కదలిక వెంట పోవడానికి వాడటం సరైన పంపకం. పీకింగ్ ఒక్కదాని మీద ఎఫ్ 1.8 పోర్ట్రెయిట్‌ను వదిలేయడం తప్పు.

పీకింగ్ లేని కెమెరా ఉన్నవాళ్ళకు చిన్న ఉపాయం: కెనాన్‌లో వాడని పిక్చర్ స్టైల్ ఒకటి తీసుకుని మోనోక్రోమ్ చేసి, షార్ప్‌నెస్, కాంట్రాస్ట్ చివరిదాకా పెంచి పెట్టుకోండి. ఫోకస్ పట్టేటప్పుడు దానికి మారితే అంచులు గరుకుగా లేచి కనిపిస్తాయి. రికార్డ్‌కు ముందు మామూలు స్టైల్‌కు తప్పకుండా తిరిగి రావాలి. మర్చిపోతే నలుపు తెలుపు వీడియో మిగులుతుంది, రంగు మళ్ళీ రాదు. మామూలు స్టైల్‌లో షార్ప్‌నెస్ సున్నా లేదా ఒకటి చాలు. కెమెరాలో ఎక్కువ వేస్తే అంచుల చుట్టూ తెల్లటి గీతలు పడతాయి, మోయిరే పెరుగుతుంది, ఎడిటింగ్‌లో తీయలేరు.

లూప్, బయటి మానిటర్

ఎండలో తెర కనిపించదు. లూప్ అంటే తెరకు తగిలించే భూతద్దపు గొట్టం. 2.5 నుంచి 3 రెట్లు పెద్దది చేసి, ఎండను ఆపి, కన్ను ఆనడంతో చేతికి మూడో ఆసరా కూడా ఇస్తుంది. వాడేముందు కెమెరా మెనూ తెరిచి, అక్షరాల అంచుల్లో పిక్సెళ్ళు విడివిడిగా కనిపించేదాకా లూప్ రింగు తిప్పండి. నలభై దాటినవాళ్ళు ఇది చేయకుండా వాడితే లూప్ మసకను లెన్స్ మసకనుకుంటారు. ఇంకో ముఖ్యమైన సంగతి: లూప్ తగిలించిన కెమెరాను కంటి వైపు అద్దం సూర్యుడి కేసి ఉండేలా పెట్టకండి. భూతద్దంతో కాగితం కాలినట్టే తెర కాలుతుంది. పక్కన పెట్టేటప్పుడు మూత వేయండి. తెరలో లేని పిక్సెళ్ళను లూప్ పుట్టించలేదన్నది ఎలాగూ నిజమే.

7 అంగుళాల బయటి మానిటర్‌లో పీకింగ్‌తో పాటు ఒకటికి ఒకటి పిక్సెల్ చూపు ఉంటుంది. కొనే ముందు మీ కెమెరా రికార్డ్ చేస్తూ హెచ్‌డీఎంఐలో ఏం పంపుతుందో చూడండి. 5డి మార్క్ 2 రికార్డ్ నొక్కగానే 480పికి పడిపోతుంది. అప్పుడు ఒకటికి ఒకటి చూపు పెట్టినా పెద్దవైన గళ్ళు తప్ప ఏమీ కనపడవు. 5డి మార్క్ 3కి 2013లో వచ్చిన ఫర్మ్‌వేర్‌తో 1080 శుభ్రంగా బయటికి వస్తుంది.

ఆటోఫోకస్

వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఆటోఫోకస్ చేసి, తర్వాత లైవ్ వ్యూలోకి వచ్చి రికార్డ్ చేసే అలవాటు మానుకోండి. వ్యూఫైండర్ ఫోకస్‌ను పట్టేది అద్దం కింద ఉండే వేరే సెన్సర్. లెన్స్ నుంచి ఆ సెన్సర్‌కూ, వీడియో తీసే సెన్సర్‌కూ ఉన్న దూరాల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంది. మెనూలోని మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఆ తేడా కోసమే, లైవ్ వ్యూకి దాంతో పని లేదు. అనుమానం ఉంటే పేపరు పరీక్ష చేయండి. వార్తాపత్రిక పేజీని అట్టకు అంటించి 45 డిగ్రీలు వాల్చండి, మధ్య వరసలో ఒక గీత గీయండి. రెండు మీటర్ల నుంచి ఎఫ్ 1.8లో దాని మీద ఒకసారి వ్యూఫైండర్‌తో, ఒకసారి 10 రెట్ల చూపుతో ఫోకస్ పట్టి తీసి పోల్చండి. ఈ పనికి తెలుగు అచ్చు చక్కగా పనికొస్తుంది. అక్షరాల కింది వత్తులు ఏ వరసలో విడివిడిగా చదవగలుగుతున్నారో అదే ఫోకస్ పడిన వరస.

పాత కెమెరాల్లో లైవ్ వ్యూ ఆటోఫోకస్ కాంట్రాస్ట్‌ను వెతుక్కుంటూ, షార్ప్ చోటును దాటి వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ ఊగడం వీడియోలో రికార్డవుతుంది. నికాన్ పాత మోడళ్ళలో ఏఎఫ్-ఎఫ్ (ఆగకుండా ఫోకస్ పట్టే పద్ధతి) పెట్టి వదిలేస్తే ఇదే కథ, మోటారు చప్పుడు అదనం. కెనాన్ 70డితో 2013లో వచ్చిన డ్యూయల్ పిక్సెల్ ఈ తీరు మార్చింది. ప్రతి పిక్సెల్‌లో రెండు సగాలుంటాయి, రెండూ చూసే బొమ్మల తేడాను బట్టి ఎటు, ఎంత కదలాలో ముందే తెలుస్తుంది. నికాన్‌లో డి780, 2020లో, లైవ్ వ్యూకి ఇలాంటి ఫేజ్ పద్ధతి తెచ్చింది. ఇవి ఉన్నవాళ్ళు నడిచొచ్చే మనిషిని కెమెరాకు వదిలేయొచ్చు. మధ్యలో ఎవరో అడ్డం నడిచినప్పుడు ఫోకస్ వాళ్ళ మీదికి దూకకుండా ట్రాకింగ్ సెన్సిటివిటీని లాక్డ్ ఆన్ వైపు జరపండి.

కదిలే మనిషి, కొలత టేపు

ఎంత లోతు చేతిలో ఉందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. ఏపీఎస్-సీ కెమెరాలో 50 మి.మీ. లెన్స్, మనిషి రెండు మీటర్ల దూరంలో ఉంటే, ఎఫ్ 1.4 దగ్గర షార్ప్‌గా ఉండే లోతు మొత్తం ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఎఫ్ 2.8కి 17, ఎఫ్ 4కి 24, ఎఫ్ 5.6కి 34. ఇది ముందుకు సగం, వెనక్కి సగం. 85 మి.మీ. ఎఫ్ 1.8 అయితే నాలుగు సెంటీమీటర్లు కూడా లేదు. ఇంటర్వ్యూలో మనిషి మాట్లాడుతూ ముందుకు వంగితే అంతకు మించే కదులుతాడు. ఒంటరిగా తీసేవాళ్ళు ఇంటర్వ్యూకి ఎఫ్ 4 కంటే కిందికి దిగకండి. ఈ అంకెలు 1080పికి. 4కెలో తప్పును సహించే హద్దు సగానికి పడిపోతుంది, లోతునూ సగమే అనుకోండి.

నడిచే షాట్‌కు నేల మీద రెండు చోట్ల టేపు ముక్కలు అతికించండి. మనిషిని మొదటి ముక్క మీద నిలబెట్టి 10 రెట్లలో కంటి మీద ఫోకస్ పట్టి, లెన్స్ రింగు మీద అంటించిన తెల్ల టేపుకు గీత గీయండి. రెండో ముక్క మీదా అంతే. ఫాలో ఫోకస్ (పళ్ళ చక్రంతో లెన్స్ రింగును తిప్పే సాధనం) ఉంటే దాని తెల్ల చక్రం మీద గీయండి. దానికి లెన్స్ మీద తొడిగే పళ్ళ చక్రం 0.8 మాడ్యూల్‌ది (పళ్ళ సైజు) కావాలి. తర్వాత మనిషిని వెనక్కి కూడా నడిపించి అవే గీతలు సరిపోతున్నాయో చూడండి. పళ్ళలో వదులుంటే రెండు దిక్కులకూ గీతలు కలవవు, అప్పుడు షాట్ ఏ దిక్కులో ఉంటుందో ఆ దిక్కులోనే గీత పెట్టుకోవాలి. ఎస్‌టీఎం లెన్సుల్లో ఇది కుదరదు. వాటి రింగు మోటారుకు సంకేతం పంపుతుందంతే, ఎంత వేగంగా తిప్పారన్నదాన్ని బట్టి చేరే చోటు మారుతుంది. పాత మాన్యువల్ లెన్సులకు ఈ పనిలో ఎప్పటికీ విలువ ఉంది, వాటి రింగు చాలా దూరం తిరుగుతుంది కాబట్టి. టేపుతో దూరం కొలిచేటప్పుడు లెన్స్ మూతి నుంచి కాదు, కెమెరా నెత్తి మీద గీత కోసిన సున్నా గుర్తు నుంచి కొలవాలి. సెన్సర్ ఉన్నది అక్కడ.

షూట్ చోటులో కంప్యూటర్ లేనప్పుడు తీసిన క్లిప్‌ను నమ్మకంగా తూచే దారి ఒకటుంది. కెనాన్ పాత మోడళ్ళలో వీడియోను ప్లేబ్యాక్‌లో పెద్దది చేయలేరు, ఫొటోను చేయగలరు. టేక్ అవగానే మనిషిని కదలొద్దని, లెన్స్ మాన్యువల్‌లోనే ఉంచి, అదే ఎపర్చర్‌తో ఒక ఫొటో తీయండి. ప్లేబ్యాక్‌లో 10 రెట్లు పెంచి కళ్ళు చూడండి. చెవి షార్ప్‌గా ఉండి కన్ను లేకపోతే ఫోకస్ వెనక్కి పోయింది, ఆ టేక్ మళ్ళీ తీయాలి. లెన్స్ మీట ఆటోలో ఉంటే మాత్రం షటర్ సగం నొక్కగానే కెమెరా కొత్తగా ఫోకస్ పట్టేస్తుంది, ఫొటో బాగా వస్తుంది, టేక్ గురించి ఏమీ చెప్పదు. నొక్కే ముందు ఆ మీటను ఒకసారి వేలితో తడిమి చూసుకోండి.